పిగలని కుట్టు

మేడమీద గది,
జులై 3

అక్కా,

ఈరోజు జులై మూడు. పొద్దున్నే ఎదురైన మొదటి ఆశ్చర్యం ఏమిటో తెలుసా? నాన్న చేతి కుట్టు. ఈ ఊళ్లో, ముక్కూమొహం తెలియని ఒక కారులో.

మొదటినుంచీ చెప్తాను. లేకపోతే తలాతోకా లేకుండా రాశానని తిడతావు.

మా ఇంటి ఓనరమ్మకు కింద మందుల షాపు ఉందని రాశాను కదా. ఆమె కొడుకును అందరూ తుఫాను అంటారు. వచ్చాడంటే నాలుగు వస్తువులు కింద పడతాయి. నేను మెట్లమీద కూర్చుని కొత్త మాటలు రాసుకోవడం చూసినప్పటి నుంచి అతను నన్ను డిక్షనరీ అంటున్నాడు. పొద్దున నేనింకా పళ్లు తోముకుంటున్నాను, కిందనుంచి కేక.

"ఏం డిక్షనరీ, మీ నాన్న కార్ల సీట్లు కుడతాడన్నావు కదా? నాతో రా. స్పోర్ట్స్ కారు చూడ్డానికి వెళ్తున్నా. ఇంజను సంగతి నేను చూసుకుంటా, లోపలి సంగతి నువ్వు చెప్పు."

"వెళ్లమ్మా, వెళ్లి బాగాలేదని చెప్పేసి రా," అంది ఓనరమ్మ మందుల పెట్టెలు సర్దుతూ. "రెండే సీట్లట! నన్నెక్కడ కూర్చోబెడతాడు, డిక్కీలోనా?"

"పక్క సీటు నీదేనమ్మా."

"నాకొద్దురా బాబూ. నాకింకా కాళ్లున్నాయి."

పాత కార్ల యార్డు టైర్ల గోడౌను వెనక ఉంది. తెల్ల కారు, నేలకు అంటుకున్నంత కిందగా, దూకబోయే ముందు ఒళ్లు కుదించుకున్న పిల్లిలా ఉంది. బ్రోకరు దాని ముక్కును రుమాలుతో తుడుస్తూ ఉన్నాడు.

"అబద్ధం ఆడనండి, యాక్సిడెంటు అయిన బండే. పక్క తలుపు కాస్త నొక్కుకుంది, అంతే. అందుకే మనకి అందే రేటుకి వచ్చింది. లేకపోతే మీరూ నేనూ దీని పక్కన ఫొటో దిగడానికే పనికొస్తాం."

తుఫాను నవ్వి బానెట్ ఎత్తాడు. నేను తలుపు తీసి లోపలికి వంగాను. ముదురు గోధుమ రంగు సీట్లు, పసుపు దారం. మిషను కుట్టు ఎవరు కుట్టినా ఒకలాగే ఉంటుంది. మూలల దగ్గర చేత్తో వేసే కుట్లు అలా కాదు. అవి ఎడమవైపుకు వాలి ఉన్నాయి. ఎడమ చేత్తో సూది పట్టే మనిషి కుట్లు అలాగే వాలతాయని నీకు నేను చెప్పాలా? వేలు పెట్టి తడిమాను. పసుపు దారం వెయ్యమని షాపులో గొడవ చేసి మరీ వేయించింది అన్నయ్య.

తలుపు అంచున రబ్బరు పక్కకు లాగి చూశాను. తెల్ల రంగు కింద నీలం.

అక్కా, అది అన్నయ్య స్నేహితుడి నీలం కారు. పోయిన ఏడాది లారీ గుద్దిన కారు. నడిపిన ఆ స్నేహితుడు చావకుండా బయటపడి, అన్నయ్య బయటపడని కారు. నేను చెయ్యి పెట్టింది అన్నయ్య కూర్చున్న సీటు మీద.

"ఎలా ఉంది లోపల?" అని అరిచాడు తుఫాను.

"బాగుంది," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఇన్ని మాటలు పోగేసుకున్నాను, అక్కడ ఇంకొకటి దొరకలేదు.

అతను ఇంకా ఏమీ తేల్చుకోలేదు. మెకానిక్కుకు చూపించి చెప్తానన్నాడు. ఇదంతా నాన్నకు చెప్పాలో వద్దో నువ్వే ఆలోచించు.

నీ చిన్ని


సీట్ల షాపు,
జులై 11

చిన్నీ,

నాన్నకు చెప్పాలో వద్దో ఆలోచించమని చివరి వాక్యంలో రాశావు. నేను ఆ వాక్యానికి వచ్చేసరికి నాన్న మొత్తం వినేశాడు. నీ ఉత్తరాలు షాపులో గట్టిగా చదువుతానని మర్చిపోయావా తల్లీ? ఆయన కత్తిరిస్తూ ఉంటాడు, నేను చదువుతూ ఉంటాను. "ఎడమ చేత్తో" అన్న దగ్గర తడబడి ఆగాను. "ఊఁ, చదువు," అన్నాడు. ఇక తప్పలేదు.

అయిపోయాక కత్తెర బల్లమీద పెట్టాడు.

"కుట్లు ఊడలేదు కదా?"

"లేదట నాన్నా."

"లారీ గుద్దింది. ఏడాదైంది. ఎవడెవడో ఎక్కి దిగుంటాడు. ఒక్కటి కూడా?"

"అది వేలు పెట్టి చూసిందట."

నవ్వాడే. అన్నయ్య పోయాక నాన్న పళ్లు కనపడేలా నవ్వడం నేను చూడలేదు. నీకు గుర్తుందా, పోలీసుల యార్డుకు వెళ్లి ఆ కారును చూసొచ్చిన రోజు గుమ్మంలో నిలబడి ఏమన్నాడో? "తలుపు పోయింది, అద్దాలు పోయాయి, పిల్లాడు పోయాడు. నా కుట్టు మాత్రం పిగల్లేదు." అప్పటినుంచి ఎవరొచ్చినా ఆ మాటే. మొదట చుట్టాలకు చెప్పాడు. ఇప్పుడు సీట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకు కూడా చెప్తున్నాడు. వాళ్లు పాపం ఎటు చూడాలో తెలియక బట్టల రంగులు చూస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఆయన పట్టుకుని నిలబడింది ఆ మాటనే. అందుకే నోరు మూసుకుంటాను.

నీ తుఫానుకు చెప్పమన్నాడు. "మిగతావి నాకు తెలియదు గానీ, సీట్లకు నేను పూచీ అని రాయి. ఆ అబ్బాయిని ధైర్యంగా కొనుక్కోమను." రాశాను. ఇది నాన్న మాట.

నా మాట వేరు. దాన్ని ఎవరూ కొనకూడదు. తుక్కు చేసి, ఆ తుక్కును కూడా కరిగించెయ్యాలి. ఎందుకని అడిగితే నా దగ్గర కారణం లేదు.

ఫోను మాత్రం చెయ్యకు. ఆరోజు ఆ ఫోను వచ్చినప్పటి నుంచి ఇంట్లో గంట మోగితే నాన్న లేచి వీధిలోకి వెళ్లిపోతాడు, ఇంకా అంతే. రెండు మాటల్లో తేలేదానికి నువ్వు రాసే నాలుగు పేజీలే నయం.

అక్క


మేడమీద గది,
జులై 24

అక్కా,

రెండు కాగితాలు పెట్టాను. కాలేజీ కబుర్లున్నది గట్టిగా చదువు. ఇది మాత్రం నువ్వొక్కదానివే, షట్టరు దించాక చదువు.

ఇవాళ తుఫాను మెకానిక్కును తీసుకుని మళ్లీ యార్డుకు వెళ్లాడు. నేను వద్దనుకుంటూనే వెళ్లాను. మెకానిక్కు కారు కిందికి దూరి, బయటికొచ్చి, తలుపులు నాలుగుసార్లు వేసి తీసి, చివరికి పక్క సీటు అంచును రెండు చేతులతో నొక్కాడు.

"ఇదేంటిది, ముద్దలా తగులుతోంది?"

నన్నూ నొక్కి చూడమన్నాడు. తలుపు వైపు అంచులో, స్పాంజి కింద, నలిపి కుక్కిన పాత గుడ్డలాంటిది గట్టిగా తగిలింది.

"ఎయిర్‌బ్యాగ్," అన్నాడు. "ఇలాంటి బళ్లలో సీటు పక్కనే పెడతారు. పక్కనుంచి ఏదైనా గుద్దితే ఉబ్బి, కుట్టు పిగిలించుకుని, మనిషికీ తలుపుకీ మధ్యకు రావాలి. అందుకే కంపెనీవాళ్లు ఈ పక్క కుట్టు కావాలనే పల్చటి దారంతో వేస్తారు. ఇక్కడ ముట్టుకోవద్దని చిన్న గుడ్డముక్క మీద రాసి కుడతారు కూడా. ఆ ముక్క కత్తిరించేశారు. పైగా ఎవరో గట్టి మనిషి, డబుల్ కుట్టు వేశాడు చూడు. ఇంకెక్కడ పిగులుతుంది? సంచీ లోపలే పేలి లోపలే ఉండిపోయింది."

నేను అడక్కూడదు, అడిగాను. "అది బయటికి వచ్చుంటే? లారీ గుద్దినా సరే, మనిషి బతికేవాడా?"

"లారీయా? అయితే ఎవరు మాత్రం చెప్పగలరమ్మా. బతికేవాడేమో. బతక్కపోయేవాడేమో. సంచీ అయితే అడ్డం ఉండేది."

తుఫాను నావైపు తిరిగాడు. "లారీ అని నీకెవరు చెప్పారు?"

"ఊరికే అన్నాను," అన్నాను. అతను నమ్మలేదు. నమ్మనట్టు ముఖం పెట్టి, మళ్లీ కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. అతనికి ఆ కారు మీద మనసు పడిపోయింది అక్కా. "సంచీ లేకపోతే ఏమైంది, పాత కార్లకు ఎక్కడున్నాయి? మా అమ్మను మెల్లగా తిప్పుతా," అంటున్నాడు బ్రోకరుతో. సీట్ల గురించి మీ నాన్న ఏమన్నాడని కూడా నన్ను అడిగాడు. నాన్న పూచీ మాట నేను అతనికి చెప్పలేదు.

బట్ట చిరుగుతుంది, దారం తెగుతుంది, కుట్టు పిగులుతుంది. ఈ మూడింటికీ తేడా ఉందని పోయిన నెలే సంబరపడి పుస్తకంలో రాసుకున్నాను. మూడు వేర్వేరు మాటలు ఉన్న భాష ఎంత గొప్పదో అని కింద గీత కూడా గీశాను. ఇప్పుడు ఆ పేజీ తిప్పాలంటే చేతులు రావడం లేదు.

ఏం చెయ్యాలో చెప్పు.

చిన్ని


సీట్ల షాపు,
ఆగస్టు 2

చిన్నీ,

నాన్నకు చెప్పకు. ఈ విషయం ఇంకెప్పుడూ రాయకు.

కాలేజీ కబుర్లు చదివి కాగితం మడిచాను. "అది రెండు పంపింది. ఒకటే చదివావు," అన్నాడు నాన్న తల ఎత్తకుండా. "రెండోది ఆడపిల్లల సంగతి నాన్నా," అన్నాను. ఇక అడగలేదు. నేను ఆయనతో అబద్ధం ఆడి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. నీ పుణ్యమా అని అదీ అయింది.

నీకు అక్కడ పుస్తకాలు, మెట్లు, తుఫానులు ఉన్నాయి. నాకు ఇక్కడ నాన్న ఒక్కడే ఉన్నాడు. అన్నయ్య పోయాక ఈ షట్టరు ఎన్నాళ్లు మూసుందో నువ్వు చూడలేదు. సెలవులు అయిపోయాయని వెళ్లిపోయావు. అన్నం కంచం ముందు పెడితే దాన్ని చూస్తూ కూర్చునేవాడు. తిట్టినా వినేవాడు కాదు, ఏడ్చినా వినేవాడు కాదు. ఒకరోజు తనంతట తనే లేచొచ్చి షట్టరు ఎత్తాడు. ఏం మంత్రం వేశానో అనుకుంటున్నావా? నేనేమీ చెయ్యలేదు. తన కుట్టు నిలబడిందన్న ఆ ఒక్క మాటే ఆయన్ని లేపింది. ఇప్పుడు దాన్నే తీసి, నీ కుట్టు వల్లే నీ కొడుకు పోయాడని చెప్పమంటావా? అదీ ఖాయంగా తెలియకుండా? నీ మెకానిక్కే ఏమో అన్నాడు కదా. ఆ ఏమోతో నేను నాన్నను చంపుకోను.

పైగా పని ఇప్పుడిప్పుడే ఊపందుకుంది. వచ్చేవన్నీ కొత్త కార్లే. టాక్సీ స్టాండువాళ్లు వరసపెట్టి వస్తున్నారు. లెక్కల మాస్టారు కుట్టించుకున్నాడు. పిల్లల డాక్టరమ్మ కారు పోయిన వారమే ఇచ్చాం, ముదురాకుపచ్చ, అంచంతా డబుల్ కుట్టు. ఆమె చెయ్యి వేసి నిమురుతూ మురిసిపోయింది. "లారీ గుద్దినా పిగలదమ్మా," అన్నాడు నాన్న. ఎంత నిటారుగా నిలబడి అన్నాడనుకున్నావు!

ఆ అబ్బాయి కొంటే కొననీ, మానితే మాననీ. నువ్వు మాట్లాడకు. ఈ ఉత్తరం చింపెయ్యి.

అక్క


మేడమీద గది,
ఆగస్టు 10

అక్కా,

చింపలేదు. నీ ఉత్తరం నీకే తిప్పి పంపుతున్నాను. మళ్లీ చదువు. ముదురాకుపచ్చ అన్న దగ్గర ఆగు.

డాక్టరమ్మ పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు? లెక్కల మాస్టారికి ఇద్దరు ఆడపిల్లలు కదా? టాక్సీలు ఎక్కేవాళ్లు ఎవరో మనకు తెలియను కూడా తెలియదు. అన్నయ్య సంగతిలో ఏమో అన్నది నిజమే. కానీ నాన్న ఇవాళ కూడా షాపు తెరిచాడు. ఇవాళ కూడా ఆ గుడ్డముక్కలు అడ్డమని కత్తిరించి పారేశాడు. ఇందులో ఏమో ఎక్కడుంది?

నేను తుఫానుకు చెప్పేశాను. మెట్లమీద నా పక్కన కూర్చుని, "లారీ సంగతి చెప్పు," అన్నాడు. ఎప్పుడూ ఒకచోట నిలవని మనిషి కూర్చుని అడిగితే ఎలా తప్పించుకుంటాను? అన్నయ్య అన్నాను. సీటన్నాను. నాన్న అన్నాను.

"మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పడం రాలేదు."

"నీకా! డిక్షనరీకా!" అన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మా అమ్మను ఆ సీట్లో కూర్చోబెట్టేవాణ్ని. నువ్వు మేడమీదనుంచి చెయ్యూపేదానివా?"

ఆ మాటకు జవాబు నీ దగ్గరుంటే రాయి.

మర్నాడు అతను కారు వద్దని చెప్పడానికి వెళ్లాడు. నేనూ వెళ్లాను. నెమ్మదిగా చెప్పడం అతనికి రాదు కదా, యార్డులో ఉన్నవాళ్లందరికీ వినపడేలా చెప్పాడు. మనిషి పోయిన బండిని తలుపు నొక్కుకుందంతేనని అమ్ముతావా అన్నాడు. బ్రోకరు ముందు బుకాయించాడు. చుట్టూ జనం పోగయ్యేసరికి, "అరవకయ్యా బాబూ, సీట్లు పీకించేస్తా, సరేనా?" అని మా ముందే బోల్టులు విప్పించాడు. రెండు సీట్లూ గోడవార పడేశారు. మెకానిక్కు బ్లేడు తెచ్చి ఆ పక్క కుట్టు కోయబోయాడు. ఒక్క గీతకు తెగలేదు. రంపంతో కోసినట్టు కోశాడు. లోపల సంచీ బూడిద రంగులో, ముడతలు పడి, చిన్నగా ఉంది. అంత చిన్నదని నేను అనుకోలేదు.

సీట్లు లేని కారు పళ్లూడిన నోరులా ఉంది. తుఫాను దాన్ని ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. వాళ్లమ్మ ఇవాళ నాకు పైకి అన్నం పంపింది.

ఈ ఒక్క కారు సంగతి తేలింది. మిగతావి తిరుగుతున్నాయి.

నేనొస్తే ఏడుస్తాను. నేనేడిస్తే నాన్న నన్ను ఓదార్చడం మొదలుపెడతాడు, చెప్పాల్సింది చెప్పకుండానే ఉండిపోతుంది. నువ్వైతే చెప్పగలవు. నువ్వు చెప్పనంటే మాత్రం నేను రైలెక్కుతాను. ఏడుస్తూనే చెప్తాను.

చిన్ని


సీట్ల షాపు,
ఆగస్టు 21

చిన్నీ,

చెప్పాను.

నువ్వు తిప్పి పంపిన నా ఉత్తరం చదవాల్సిన అవసరం లేకపోయింది. డాక్టరమ్మ గురించి రాస్తున్నప్పుడే నాకు తెలుసు. తెలిసీ కలం ఆపలేదు. మనసు తెలిసిన దానికి కూడా ఎంత బాగా ముసుగేస్తుందో చూడు. మనది సీట్లకు ముసుగులేసే ఇల్లే కదా.

నీ ఉత్తరం వచ్చిన రోజు నాన్న చేతులు ఆపి కూర్చున్నాడు. "ఈసారి ఎన్ని కాగితాలు?" అన్నాడు.

"ఒకటే నాన్నా. పోయినసారి దాచింది ఇంకొకటుంది."

"రెండూ చదువు. ఊపిరి తీసుకోవాలంటే తీసుకో గానీ, ఏదీ వదిలెయ్యకు."

చదివాను. ముందు జులైలో నువ్వు నాకొక్కదానికే రాసింది, తర్వాత ఇది. మెకానిక్కు మాటల దగ్గర చదివిన వాక్యమే మళ్లీ చదివాను. మంచినీళ్ల గ్లాసు తనే తెచ్చి నా పక్కన పెట్టి, మళ్లీ వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. ఏడవలేదు. నేను అనుకున్నట్టు పడిపోలేదు.

"అంటే నా వల్లే," అన్నాడు.

"కాదు నాన్నా."

"కాదని రాసిందా?"

"తెలియదని రాసింది."

"సరే," అన్నాడు. అంతే. ఆ సరే నా చెవుల్లోంచి పోవడం లేదే.

షట్టరు మళ్లీ మూతపడింది. అదే జరుగుతుందని నీకు ముందే రాశాను కదా. వారమంతా మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, నేను భయపడతానని తిన్నాడు. నిన్ను తిట్టుకున్నాను. చెప్పినందుకు నన్ను నేను ఇంకా ఎక్కువ తిట్టుకున్నాను. ఒకరోజు షాపుకు వచ్చిన టాక్సీ అతను బయటినుంచి పిలిస్తే, నాన్న లోపలినుంచే, "పక్కన ఎవర్నీ ఎక్కించుకోకు, పో!" అని అరిచాడు. అతను భయపడి పారిపోయాడు. నాన్నకు మతి పోయిందని వీధంతా అనుకుంటున్నారు. నేనూ అనుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం లేచి కూర్చున్నాడు.

"నల్లది, ఎర్ర దారం. టాక్సీ, ముందు బంపరు సొట్ట," అన్నాడు.

నాకర్థం కాలేదు. "బూడిద రంగు, గళ్లు. మాస్టారు. నీలం మీద తెలుపు, వాడు పెళ్లాంతో వచ్చాడు, ఆవిడకి నీలం నచ్చలేదు." అలా చెప్పుకుంటూ పోతున్నాడు. ఆయనకు మనుషుల పేర్లు ఎప్పుడూ గుర్తుండవు కదా, బట్టే గుర్తుంటుంది. కుట్టిన ప్రతి సీటునూ కళ్లముందు పెట్టుకుని చూస్తున్నట్టు చెప్పాడు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లు ఏవో, లేనివి ఏవో విడదీశాడు. అన్నీ నాన్న చేతులు తాకినవే. మధ్యలో గోధుమ రంగు వచ్చింది. "పసుపు దారం," అని ఆగాడు. తర్వాత, "ముదురాకుపచ్చ," అన్నాడు.

"అందరిళ్లకీ వెళ్లాలి," అన్నాడు.

"కొడతారు నాన్నా. పోలీసుల్ని పిలుస్తారు. ఇంకెవరూ మన దగ్గరికి రారు."

"రాకపోతే మానె."

"పోనీ ఎయిర్‌బ్యాగ్ సంగతి చెప్పి కుట్టు విప్పి మళ్లీ వేసిస్తామందాం. అన్నయ్య సంగతి ఎందుకు చెప్పడం?"

"అది చెప్పకపోతే ఎవరు వింటారు? తీరిక దొరికినప్పుడు వస్తాంలే అంటారు." షర్టు గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. "కొడుకు పోయాడని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను కదా. ఇప్పుడు మిగతాది చెప్పాలి."

నువ్వు రావద్దు. ఇది చదివి రైలెక్కుతావని తెలుసు, అందుకే రాస్తున్నాను. పరీక్షలు రాసుకో. నాన్న నీ మీద కోపంగా లేడు, నామీద కాస్త ఉంది. రెండో కాగితం ఆడపిల్లల సంగతి అన్నందుకు.

డాక్టరమ్మ కూతుర్ని స్కూల్లో దింపి ఆస్పత్రికి వెళ్తుంది. ఆ పిల్ల ముందు సీట్లోనే కూర్చుంటుంది, మేం చూశాం. రేపు పొద్దున వాళ్లు బయలుదేరకముందే గేటు దగ్గర ఉండాలి. దారాలు కోసే బ్లేడు, పల్చటి దారం సంచిలో పెట్టుకున్నాడు. ఏమని మొదలుపెడతావు నాన్నా అని అడిగాను. తెలియదన్నాడు. గంట నేను కొడతాను. మాట్లాడేది ఆయన.

అక్క